సిస్టం లేవలేదని ఫార్మాట్ చేయించకండమ్మా

ప్రశ్న: అన్నా, నమస్తే. తిరుపతి కొర్లగుంటలో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సు, ఆధార్ ప్రింట్లు, పరీక్షల అప్లికేషన్లు, దర్శనం టికెట్లు, ఇవే మా పని. విండోస్ 10కి ఇక అప్‌డేట్లు రావని తెలిసి, పాత సిస్టం పారెయ్యలేక మా తమ్ముడి చేత విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయించుకున్నాను. నాలుగు నెలలు ఏ తలనొప్పీ లేదు. మొన్న రాత్రి షాపు కట్టేసే ముందు, కింద మూలలో డాలు బొమ్మ మీద చుక్క కనిపిస్తే నొక్కి అప్‌డేట్ పెట్టాను. సగంలో గాలివాన వచ్చి కరెంటు పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు కూడా ఆగలేదు. పొద్దున ఆన్ చేస్తే నల్ల స్క్రీను మీద తెల్ల అక్షరాలు వరసగా పడి, చివర్లో ‘కెర్నెల్ పానిక్’ అనీ, ‘అన్‌నోన్ బ్లాక్ (0,0)’ అనీ వచ్చి నిలబడిపోయింది. ఆ రోజే మూడు వందల రూపాయల టికెట్లు వదిలే రోజు. షాపు ముందు జనం. పక్క వీధి రిపేరు అబ్బాయి వచ్చి చూసి, “డిస్కు పోయుండొచ్చు, ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేసేద్దాం, ఎనిమిది వందలవుతుంది” అన్నాడు. డేటా ఉంటుందా అంటే “చెప్పలేం” అన్నాడు. నాకు మనసొప్పక సిస్టంని అట్లాగే మూల పెట్టాను. ఇప్పుడేం చెయ్యాలి? ఇకమీదట లినక్స్‌లో అప్‌డేట్ల జోలికి పోకుండా ఉండటమే మేలా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఎనిమిది వందలు గల్లాపెట్టెలోనే ఉండనివ్వండి. మీరు రాసిన ఆ చివరి లైను చూస్తే మీ డిస్కు పోయినట్టు నాకు అనిపించడం లేదు. మీ కస్టమర్ల ఫైళ్లు, మీ ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉండుంటాయి. తేడా వచ్చింది బహుశా ఒకే ఒక్క ఫైల్లో. అదైనా చెరిగిపోలేదు, పూర్తిగా తయారు కాలేదంతే. సిస్టంని ముట్టుకోనివ్వకుండా మూల పెట్టారు చూడండి, ఈ వ్యవహారం మొత్తంలో మీరు చేసిన మంచి పని అదే.

‘కెర్నెల్ పానిక్’లో పానిక్ అనే మాట ఉంది గాబట్టి చూసినవాళ్లకి గుండె జారుతుంది. కెర్నెల్ అంటే లినక్స్‌ని నడిపించే అసలు ప్రోగ్రాము. పానిక్ అంటే ఆ కెర్నెల్ లేచింది, కానీ ముందుకు పోయే దారి కనపడక ఆగిపోయింది అని. మన ఊరివాళ్లకి దీన్ని చెప్పడం తేలిక. కొండకి పోయే బస్సు అనుకోండి. అలిపిరిలో చెకింగు, తర్వాత ఘాట్ రోడ్డు, పైన క్యూ కాంప్లెక్సు, ఆ తర్వాతే గుడి. సిస్టం స్విచ్చి నొక్కినా ఇట్లాంటి మజిలీలే ఉంటాయి. మొదట మదర్‌బోర్డులో ఉండే బయోస్ లేస్తుంది. కొత్త సిస్టంలలో దాన్నే యూఈఎఫ్‌ఐ అంటారు. అది గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. గ్రబ్ మీ కెర్నెల్‌నీ, దాంతోపాటు ఇనిట్‌ఆర్‌డీ అనే ఒక మూటనీ మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ ఆ మూట విప్పి, అందులో ఉన్న సరంజామాతో మీ డిస్కును గుర్తుపట్టి తెరుస్తుంది. అప్పుడు గానీ మింట్ లేవదు. మూట లేకపోతే డిస్కు ఎదురుగా ఉన్నా కెర్నెల్‌కి కనపడదు. ‘అన్‌నోన్ బ్లాక్ (0,0)’ అంటే అదే, ఏ డిస్కు తెరవాలో నాకు తెలియడం లేదు మొర్రో అని. బస్సు అలిపిరిలో ఆగిపోయిందని గుడి తలుపులు మూసేశారని అనుకోం కదా.

మీ దగ్గర జరిగింది ఇట్లా ఉంటుంది. ఆ రాత్రి వచ్చిన అప్‌డేట్లలో కొత్త కెర్నెల్ ఒకటి ఉంది. దానికి మూట కడుతుండగా కరెంటు పోయింది. అప్‌డేట్ జరిగేటప్పుడు వివరాలు చూపించే పెట్టె తెరిచి పెట్టుకుంటే ఆ ఘట్టం మీకే కనిపిస్తుంది. ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని (ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్నా ఆ మూటే), పక్కన ‘జెనరేటింగ్’ అని ఒక లైను పడుతుంది. ఆ తర్వాత ఏమీ కదలదు. పాత హార్డ్ డిస్కు మీదైతే రెండు మూడు నిమిషాలు ఉలుకూ పలుకూ ఉండదు. డిస్కు గరగరమంటూ ఉంటుంది, అంతే. హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టే మహానుభావులంతా ఇక్కడే నొక్కుతారు. మీకు గాలివాన చేసిన పని, వాళ్లకి వాళ్ల వేలే చేసిపెడుతుంది.

సరే, బయటపడే దారి. కొత్త కెర్నెల్ వేసుకున్నంత మాత్రాన మింట్ పాతదాన్ని తీసెయ్యదు. మొన్నటిదాకా మీ షాపులో ఏ గొడవా లేకుండా నడిచిన కెర్నెల్ దాని మూటతో సహా డిస్కులోనే ఉంది. అలిపిరి మెట్లు మూసేసిన రోజు శ్రీవారి మెట్టు మీదుగా ఎక్కుతాం చూడండి, అట్లా.

సిస్టం ఆన్ చెయ్యండి. కంపెనీ బొమ్మ కనపడి మాయమయ్యే క్షణంలో ఎస్కేప్ బటన్ ఒక్కసారి నొక్కండి. బాగా పాత సిస్టం అయితే ఎస్కేప్ బదులు ఆన్ చేసిన దగ్గర్నుంచీ షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. టైమింగ్ కుదరడానికి మూడు నాలుగు సార్లు పడుతుంది. ఇన్నేళ్లుగా చేస్తున్నా నాకూ మొదటిసారికి కుదరదు. ఎస్కేప్ ఎక్కువసార్లు పడితే ‘గ్రబ్’ అని రాసి పక్కన గీత కొట్టుకుంటున్న ఖాళీ స్క్రీను వస్తుంది. కంగారేం లేదు, పవర్ బటన్ పట్టి ఆపేసి మళ్లీ మొదలుపెట్టండి. సరిగ్గా పడితే చిన్న మెనూ వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అనే లైను మీదికి బాణం బటన్‌తో దిగి ఎంటర్ కొట్టండి. లోపల ఒక్కో కెర్నెల్‌కి రెండేసి లైన్లు, మామూలుది ఒకటి, చివర ‘రికవరీ మోడ్’ అని ఉన్నది ఒకటి. పైనున్నది కొత్తది, నంబరు పెద్దది. దాన్ని వదిలేసి, కింద చిన్న నంబరున్న కెర్నెల్ మామూలు లైను మీద ఎంటర్ కొట్టండి.

నా అంచనా తప్పకపోతే మీ డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. రాగానే రిపేరు మొదలుపెట్టకండి. పెన్‌డ్రైవ్ పెట్టి, పోతే ఏడ్చే ఫైళ్లన్నీ కాపీ చేసుకోండి. టీ తాగండి. ఆ తర్వాతే రిపేరు.

టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ తెరిచి రెండు కమాండ్లు కొట్టాలి. నేను ఫోన్‌లో చదివి చెప్పినట్టు రాస్తాను, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చెయ్యండి. మొదట ‘సుడో’, ఎస్ యు డి ఓ. ఖాళీ వదిలి ‘డీపీకేజీ’, ఆ నాలుగు అక్షరాలే. మళ్లీ ఖాళీ, రెండు మైనస్ గుర్తులు కలిపి, వాటికి ఆనించి ‘కాన్ఫిగర్’. ఇంకో ఖాళీ, ఒక మైనస్, ఆనించి ‘ఏ’. ఎంటర్. పాస్‌వర్డ్ అడుగుతుంది. టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనపడకపోవచ్చు, అయినా లోపలికి పోతుంటుంది. చిత్తూరులో ఒక పెద్దాయన కీబోర్డు పాడైందనుకుని కొత్తది కొనుక్కొచ్చేశాడు పాపం. ఈ కమాండు చేసేదేమిటంటే, సగంలో ఆగిన ఇన్‌స్టలేషన్లను ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి పూర్తి చేస్తుంది. మూట కట్టడం కూడా అందులో భాగమే. ఆ ‘జెనరేటింగ్’ లైను మళ్లీ వస్తుంది. ఈసారి ఓపిక పట్టండి.

రెండోది: ‘సుడో’, ‘ఏపీటీ’, ‘ఇన్‌స్టాల్’, ఒక్కోదాని మధ్య ఖాళీ, చివర ఖాళీ ఇచ్చి మైనస్ ఎఫ్. ఏదైనా ప్యాకేజీ అరకొరగా మిగిలి ఉంటే సర్దుతుంది. ఇవి రెండూ ఏ ఎర్రరూ చూపించకుండా పూర్తయితే రీస్టార్ట్ చెయ్యండి, ఈసారి ఏ బటనూ నొక్కకుండా. కొత్త కెర్నెల్ మామూలుగా లేవాలి.

అప్పటికీ మొండికేస్తే పాత కెర్నెల్‌తోనే లోపలికి వచ్చి, అప్‌డేట్ మేనేజర్‌లో ‘వ్యూ’ మెనూ కింద ‘లినక్స్ కెర్నెల్స్’ తెరవండి. ఏ కెర్నెల్ ఉంది, ఇప్పుడు ఏది నడుస్తోంది అక్కడ రాసుంటుంది. ఆ కొత్తదాన్ని తీసేసి మళ్లీ వేసుకోవచ్చు. ఆ తీరిక లేకపోతే పది రోజులు పాతదాంతోనే నడుపుకోండి, కొంపేం మునగదు.

ఒకవేళ పాత కెర్నెల్‌తో కూడా లేవలేదనుకోండి. అప్పుడు ఆ ‘రికవరీ మోడ్’ లైను పనికొస్తుంది. ఒక పెట్టెలో కొన్ని ఆప్షన్లు ఇస్తుంది. ‘క్లీన్’ అనేది డిస్కులో చోటు చేస్తుంది, ‘డీపీకేజీ’ అనేది ఇందాకటి రిపేరునే కమాండు కొట్టే పని లేకుండా చేస్తుంది. అదీ కాకపోతే, మీ తమ్ముడు మింట్ వేసిన పెన్‌డ్రైవ్ ఎక్కడుందో వెతికించండి. దాన్ని పెట్టి ఆన్ చేస్తే మీ డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడుస్తుంది. ‘ఇన్‌స్టాల్’ గుర్తు జోలికి పోకండి. ఫైల్స్ తెరిస్తే ఎడమ పక్క మీ డిస్కు కనపడుతుంది. దాని మీద నొక్కితే మీ ఫోల్డర్లన్నీ అందులో ఉంటాయి. డేటా సంగతి “చెప్పలేం” అన్నాడే ఆ అబ్బాయి, ఈ పని చేస్తే పది నిమిషాల్లో చెప్పొచ్చు. అతన్ని తప్పు పట్టడం లేదు. అతనికి తెలిసిన మందు ఫార్మాట్. మనకది ఆఖరి మందు.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే ఒకప్పుడు ఆ ఆఖరి మందు మొదటే వాడినవాణ్ని నేను. చాలా ఏళ్ల కిందటి మాట. నా ల్యాప్‌టాప్‌కి డిస్కు మొత్తం ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని తాళం పెట్టుకున్నాను. అట్లా పెడితే కెర్నెళ్లు ఉండే బూట్ భాగం విడిగా, చాలా చిన్నగా ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. నెలలు గడిచేకొద్దీ పాత కెర్నెళ్లు అందులో పేరుకుపోయాయి. ఒక రాత్రి అప్‌డేట్ పెడితే మూట కట్టడానికి చోటు చాలలేదు. చోటు లేదని స్క్రీను మీద రాసింది కూడా, నేను చదవలేదు. పొద్దున మీకు వచ్చిన పానికే వచ్చింది. మేనకోడలి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజే చివరి రోజు. బుర్ర పనిచెయ్యక గబగబా ఫార్మాట్ కొట్టి మళ్లీ వేసుకున్నాను. ఆప్షన్లు పెట్టాం, సీటు వచ్చింది. మా నాన్న షష్టిపూర్తి ఫోటోలు మాత్రం పోయాయి. ఆ రోజు మెనూలో ఒక మెట్టు కింద పాత కెర్నెల్ నిక్షేపంగా ఉండేదని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఆ ఫోటోలు అడిగినప్పుడల్లా మా అక్క నా వైపు చూసే చూపు ఇప్పటికీ మారలేదు.

అందుకే చోటు సంగతి చూసుకోండి. ‘డీఎఫ్’ కొట్టి, ఖాళీ ఇచ్చి, మైనస్ హెచ్ పెడితే ఏ భాగం ఎంత నిండిందో శాతాల్లో చూపిస్తుంది. వరసల చివర బూట్ అని విడిగా ఉంటే దాన్నీ, ఒట్టి ఏటవాలు గీత ఒక్కటే ఉన్న వరసనీ చూడండి. తొంభై దాటిందంటే అప్‌డేట్ పెట్టే ముందు శుభ్రం చెయ్యాలి. ‘సుడో ఏపీటీ ఆటోరిమూవ్’ కొడితే అక్కర్లేని పాత కెర్నెళ్లు పోతాయి. ఇప్పుడు నడుస్తున్నదాన్ని అది ముట్టుకోదు. మింట్ అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ అనే చోట ఈ పని దానంతటదే జరిగేటట్టు టిక్కు కూడా పెట్టుకోవచ్చు.

ఈ శీర్షిక చదివే మిగతావాళ్లకి స్క్రీను మీద వేరే మాటలు రావచ్చు, వాళ్ల కోసం నాలుగు ముక్కలు. ‘గ్రబ్ రెస్క్యూ’ అని వచ్చి నిలబడితే గ్రబ్‌కి దాని సొంత ఫైళ్లే దొరకడం లేదని. విండోస్‌లో కూర్చుని ‘ఇదేదో ఖాళీ పార్టిషన్’ అని లినక్స్ భాగం చెరిపేసిన యూనివర్సిటీ కుర్రాళ్ల దగ్గర ఇది ఎక్కువ చూశాను. లినక్స్ భాగం బతికే ఉంటే పెన్‌డ్రైవ్‌తో లేపి గ్రబ్ మళ్లీ వేస్తే సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డున్న సిస్టంలో మెనూ దాకా వచ్చి ఆ తర్వాత నల్ల స్క్రీనే ఉండిపోతే అనుమానం ఎన్విడియా డ్రైవరు మీద. మెనూలో ‘ఈ’ అక్షరం నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే లైను చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 కొడితే ఆ ఒక్కసారికి లేస్తుంది. లోపలికి వెళ్లి డ్రైవరు సరిచేసుకోవచ్చు.

బ్రాకెట్లలో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని ప్రాంప్టు వచ్చి, పైన ఎక్కడో ‘ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్‌గా నడపండి’ అన్నట్టు ఉంటే, ఉన్నట్టుండి కరెంటు పోవడంతో ఫైల్ సిస్టం లెక్కలు తప్పాయని అర్థం. ఏ డిస్కు భాగమో ఆ సందేశంలోనే ఉంటుంది. ఎఫ్‌ఎస్‌సీకే అంటే ఆ లెక్కలు సరిచేసే ప్రోగ్రాము. మధ్యలో ఖాళీలిస్తూ ఎఫ్‌ఎస్‌సీకే, మైనస్ వై, ఆ భాగం పేరు కొడితే చాలావరకు సరిపోతుంది. డిస్కు టక్ టక్ మని వింత చప్పుళ్లు చేస్తుంటే మాత్రం ఎఫ్‌ఎస్‌సీకే నడపకండి. అట్లాంటి డిస్కులోంచి ముందు డేటా బయటికి తీసుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ అనుమానించనిది. ‘బూట్ డివైస్ దొరకలేదు’ అని వచ్చి, బయోస్‌లోకి వెళ్తే తేదీ ఏ పదేళ్ల కిందటిదో చూపిస్తుంటే, అప్‌డేట్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు, సీఆర్ 2032 అంటారు, అది అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా బయోస్ తన సెట్టింగులు మర్చిపోతోంది. వాచీల షాపులో దొరుకుతుంది. సెల్లు మార్చి, బూట్ సెట్టింగు మునుపటిలా పెడితే అయిపోయింది. దీనికి కూడా ఫార్మాట్ చేయించుకున్నవాళ్లున్నారు, నవ్వకండి.

ఇక మీ రెండో ప్రశ్న, అప్‌డేట్లు మానేద్దామా అని. మానొద్దమ్మా. మీ సిస్టంలో మీ గుట్టొక్కటే ఉంటే మీ ఇష్టం అనేవాణ్ని. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఆధార్ నంబర్లు, ఓటీపీలు, బ్యాంకు వివరాలు మీ కీబోర్డు మీదే కొట్టిపోతారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయిందనే కదా మీరు ఇటు వచ్చింది. ఇక్కడికొచ్చి మన చేత్తో మనమే అప్‌డేట్లు ఆపేస్తే అది కూడా విండోస్ 10తో సమానమే.

అలాగని అప్‌డేట్లు ఎప్పుడూ తప్పు చెయ్యవని కూడా చెప్పను. 2020 జూలైలో గ్రబ్‌లో ‘బూట్‌హోల్’ అనే పెద్ద లోపం బయటపడింది. దాన్ని పూడ్చడానికి ఇచ్చిన అప్‌డేట్‌తోనే రెడ్ హ్యాట్, సెంట్‌ఓఎస్ అనే లినక్స్ రకాలు నడిచే మెషిన్లు కొన్ని లేవకుండా పోయాయి. జీతాలు తీసుకునే ఇంజనీర్లున్న చోట్లే అట్లా అయింది. 2022 ఆగస్టులో ఆర్చ్ అనే ఇంకో రకం లినక్స్ వాళ్లకి గ్రబ్ కొత్త వెర్షన్‌తో అదే గతి. డిస్కు మీద గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా మెనూ ఫైలు మాత్రం కొత్తగా రాయించుకున్నవాళ్లు ఇరుక్కున్నారు. 2024 ఆగస్టు 13న వచ్చింది మరీ చోద్యం. అది లినక్స్ అప్‌డేటే కాదు, విండోస్‌ది. ఒకే సిస్టంలో రెండూ పెట్టుకున్నవాళ్లలో కొందరికి విండోస్ అప్‌డేట్ అయ్యాక లినక్స్ లేవడం మానేసింది. నమ్మకమైన బూట్ ప్రోగ్రాములనే లేవనిచ్చే కాపలా ఒకటి ఉంటుంది, సెక్యూర్ బూట్ అని. అందులో పాత, లోపాలున్న బూట్ ప్రోగ్రాములను రానివ్వొద్దని ఒక జాబితా రాసింది ఆ అప్‌డేట్. రెండూ ఉన్న సిస్టంలకి అది పోకూడదని మైక్రోసాఫ్ట్ అనుకుంది, కానీ పోయింది. ‘ఏదో ఘోరంగా తప్పు జరిగింది’ అని ఇంగ్లీషులో ఒక లైను పడి సిస్టం ఆఫ్ అయిపోయేది. వాళ్లు పూర్తిగా సరిచేసింది 2025 మేలో.

ఆ లైను చూసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి లినక్స్‌లోకి రండి. ఒకే లైన్లో ‘సుడో మోక్‌యుటిల్’, ఖాళీ ఇచ్చి రెండు మైనస్‌లకి ఆనించి ‘సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ’, ఖాళీ ఇచ్చి ‘డిలీట్’. రీస్టార్ట్ చేసి ఇంకోసారి లినక్స్‌లోకి వచ్చాక సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. రెండు ఓఎస్‌లూ పెట్టుకున్నవాళ్లు ఒక పక్కే అప్‌డేట్ చేస్తూ రెండో పక్కని నెలల తరబడి వదిలేస్తే ఇట్లాంటివి ఎక్కువ తగులుతాయి.

మీకు విండోస్ లేదు, ఆర్చ్ లేదు. ఆ రెండు గండాలూ మీ గుమ్మం తొక్కవు. మీ గండం వేరే. మీకు తప్పింది వేళ. టికెట్లు వదిలే రోజుకి ముందు రాత్రి, మబ్బు పట్టిన సాయంత్రం, సచ్చుబడిన యూపీఎస్ మీద, ఇంటికెళ్లే హడావుడిలో కెర్నెల్ మార్చారు. రోజుకి రెండు వందల దోసెలు పోసే హోటలాయన కూడా పెనం మార్చాలంటే ఆదివారం పొద్దున పది గంటలకి మార్చడు కదా. డాలు మీద చుక్క పడగానే నొక్కాలని రూలేం లేదు. నాలుగు రోజులు ఆగినా ఏం కాదు. వారంలో మీకు గిరాకీ తక్కువగా ఉండే మధ్యాహ్నం ఒకటి చూసుకోండి. ఆ పూట చుక్క కనపడితే జాబితా మొత్తం చదవండి. అందులో లినక్స్ కెర్నెల్ ఉందంటే గంట ఖాళీ ఉంటేనే నొక్కండి. కెర్నెల్ లేకుండా బ్రౌజరూ, చిన్నాచితకా ప్రోగ్రాములే ఉంటే అంత పట్టింపు అక్కర్లేదు. అయ్యాక మీరే రీస్టార్ట్ చేసి లేచిందో లేదో అక్కడికక్కడే చూసుకోండి. తెల్లారి కస్టమర్ ముందు తెలుసుకోవడం కన్నా మధ్యాహ్నం ఒంటరిగా తెలుసుకోవడం నయం.

టైమ్‌షిఫ్ట్ అని మింట్‌లో వేసే ఉంటుంది. అప్‌డేట్ మేనేజరే దాన్ని పెట్టుకోమని సతాయిస్తుంటుంది, మనం కొట్టి పారేస్తుంటాం. అది సిస్టం ఎట్లా ఉందో అట్లా ఒక నకలు తీసి పెడుతుంది. ఏదైనా బెడిసికొడితే, చివరికి పెన్‌డ్రైవ్ నుంచి లేపి అయినా సరే, వెనక్కి వెళ్లొచ్చు. వేరే డిస్కు ఉంటే నకలు అందులో పెట్టండి. ఒక మెలిక మాత్రం చాలామందికి తెలియదు. మామూలుగా అది సిస్టం ఫైళ్లకే నకలు తీస్తుంది, మీ హోమ్ ఫోల్డరును వదిలేస్తుంది. కస్టమర్ల ఫైళ్లకి వేరే కాపీ మీరే పెట్టుకోవాలి.

ఆ యూపీఎస్ సంగతి చూడండి. రెండు నిమిషాలు కూడా ఆగలేదంటే బ్యాటరీ ప్రాణం పోయినట్టే. యూపీఎస్ మొత్తం మార్చనక్కర్లేదు, లోపలి బ్యాటరీ ఒక్కటీ మార్చొచ్చు. మార్చాక ఒక రోజు సిస్టం ఖాళీగా ఉన్నప్పుడు గోడ ప్లగ్గు తీసి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో వాచీ పెట్టి చూడండి. పది నిమిషాలు నిలిస్తే మూట కట్టడానికి చాలు. ఆ బ్యాటరీ కొనేదాకా కెర్నెల్ అప్‌డేట్ పెట్టకండి. మీకు ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే వేసవి గాలివానలు ఇంకా అయిపోలేదు.

పాత కెర్నెల్‌తో లేచిందో లేదో మళ్లీ రాయండి. లేవకపోతే స్క్రీను ఫోటో తీసి పంపండి. చివరి లైను ఒక్కటే కాదు, పై నుంచి కింది దాకా మొత్తం పడాలి. అసలు గొడవేమిటో చాలాసార్లు పానిక్ అన్న మాటకి నాలుగైదు లైన్ల పైనే రాసుంటుంది.